అమావాస్య నాటి రెండు జవాబులు

మా ఆవిడకి నా ఉద్యోగం ఏమిటో నేను రిటైరయ్యేదాకా అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడం నాకూ చేతకాలేదు కాబట్టి తప్పు ఆవిడది కాదు. ఎవరైనా అడిగితే "కంప్యూటర్లు చూస్తారు" అనేది. దాంతో బందరులో మా వీధిలో ఎవరి ఫోను వేడెక్కినా, ఎవరి టీవీలో బొమ్మ రాకపోయినా తిన్నగా మా ఇంటికే వచ్చేవారు. "మావయ్య గారూ, ఒక్కసారి చూసి పెట్టండి" అని చేతిలో పెట్టేవారు. నాకు ఫోన్లు బాగుచెయ్యడం రాదు. అయినా పరువు పోతుందని కాసేపు అటూ ఇటూ తిప్పి, ఆపి, మళ్ళీ ఆన్ చేసి ఇచ్చేవాణ్ణి. సగం బాగుపడేవి. ఎందుకు బాగుపడ్డాయో నాకు తెలిసేది కాదు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు ఫోన్ చేసి, "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అంటున్నారు. ప్రమోషన్ల గురించీ ట్రాన్స్‌ఫర్ల గురించీ రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే గోల. నేను నిజంగా ఏం చేశానో, ఎక్కడ తప్పటడుగు వేశానో అది రాస్తాను. ముందే చెబుతున్నాను, ఇందులో చాలా సంగతులు నాకిప్పటికీ అయోమయంగానే ఉన్నాయి. అన్నీ తేలిపోయినట్టు రాస్తే అబద్ధం రాసినట్టవుతుంది. అలాంటి అబద్ధం ఒకసారి ఆడాను, దాని గురించే ఈ రాత.

ఒక మిషను, మూడు ఊళ్ళు

మాది సముద్రతీరం మీద పరిశోధన చేసే చిన్న సర్కారు కేంద్రం. బందరులో ఒక పాత మేడ, అందులో ఒక ఏసీ గది, ఆ గదిలో ఒక పెద్ద సర్వరు. ఏసీ మాకోసం కాదు, దానికోసం. మే నెలలో ఏదో ఒక పని పెట్టుకుని అందరూ నా గదిలోకే వచ్చి కూర్చునేవారు.

ఆ సర్వరులో శాస్త్రవేత్తలు రాసిన ప్రోగ్రాములు ఉండేవి. వాటిలో ముఖ్యమైనది మేము ఉప్పునీటి ప్రోగ్రాము అని పిలుచుకునేది. సముద్రం పోటు మీదున్నప్పుడు దివిసీమ పొలాల మురుగుకాలువల్లోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఫలానా రోజు ఎంత దూరం ఎగదన్నుతుంది, ఎంత ఎత్తు లేస్తుంది అని ముందుగా లెక్కగట్టి చెప్పడం దాని పని. మామూలు కంప్యూటరుకి అది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టే లెక్క. మా సర్వరుకే నాలుగైదు గంటలు పట్టేది.

అంత పెద్ద మిషను ప్రతి ఊళ్ళోనూ పెట్టలేరు కదా. అందుకని నెట్‌వర్కు వేశారు. గుడివాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు, అవనిగడ్డలో మురుగుకాలువలు చూసే ఆఫీసు వాళ్ళు, మా బందరు వాళ్ళు, అందరూ ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని లాగిన్ అయ్యి ఆ ఒక్క మిషన్నీ, ఆ ఒక్క ప్రోగ్రామునీ వాడుకోవాలి. అందరికీ అందేలా చూడటం, ఎవరూ పాడు చెయ్యకుండా చూడటం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళ పనిని రెండు వాక్యాల్లో చెప్పేశాను. మా ఆవిడకి ఇలా ఎందుకు చెప్పలేకపోయానో తెలియదు.

అవనిగడ్డ వాళ్ళకి ఆ లెక్క ఎందుకో కూడా చెప్పాలి. మురుగుకాలువ సముద్రంలో కలిసే చోట ఇనప షట్టర్లు ఉంటాయి. దించితే ఉప్పునీరు లోపలికి రాదు. కానీ దించినప్పుడు పొలాల్లోని వాన నీళ్ళు బయటికి పోవు, వరి మునుగుతుంది. ఎత్తి ఉంచితే వాన నీళ్ళు పోతాయి, కానీ పోటు పెద్దదైతే ఉప్పునీరు వస్తుంది. దించాలా, ఎత్తి ఉంచాలా? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు కోసమే అవనిగడ్డ నుంచి అసిస్టెంట్ ఇంజనీరు సుజాత మా మిషన్లోకి లాగిన్ అయ్యేది. ఆ అమ్మాయి చెప్పినట్టు షట్టర్ల మర తిప్పేది లస్కరు బసవయ్య గారు. ఆయనకి ఆ కాలువ పక్కనే రెండెకరాల కౌలు చేను ఉంది.

ఇద్దరు పెద్దసార్లు

మా మొదటి డైరెక్టరు మూర్తి గారు. ఆయనకి కంప్యూటరు ఆన్ చెయ్యడం కూడా సరిగా రాదు. కానీ ప్రతి సోమవారం మా మిషను వాడేవాళ్ళలో ఎవరో ఒకరికి ఫోన్ చేసేవారు. "మిషను పనిచేస్తోందా" అని అడిగేవారు కాదు. "పోయినవారం ఇచ్చిన జవాబుతో మీరేం చేశారు" అని అడిగేవారు. నాకు నవ్వొచ్చేది. వాళ్ళేం చేసుకుంటే మనకెందుకు, మన పని ఇవ్వడం వరకే కదా అనుకునేవాణ్ణి. అలా ఇరవై ఏళ్ళు అనుకున్నాను.

ఆయన తర్వాత వచ్చిన పెద్దసారుకి మిషను అంటే మహా ప్రేమ. గోడ మీద పెద్ద తెర పెట్టించి, ఎవరు ఎంతసేపు వాడుతున్నారో రంగుల్లో కనబడేలా చేయించారు. చెడ్డమనిషి కాదు. పండగలకి మా ఇంటికి స్వీట్లు పంపేవారు. కానీ అవనిగడ్డ ఎటువైపు ఉందో ఆయనకి చివరికైనా తెలిసిందని నేననుకోను. ఆయన గోల ఒకటే. "స్వామి గారూ, నాలుగు గంటలేవిటండీ, ఈ రోజుల్లో? జవాబు నిమిషాల్లో రావాలి."

నా పేరు వీరాస్వామి. ఆఫీసులో అందరూ స్వామి గారనే అనేవారు.

గుడివాడ వాళ్ళ వంతు

మిషను ఒకటి, అడిగేవాళ్ళు చాలామంది కాబట్టి వంతులు పెట్టాను. పంటకాలువ నీళ్ళకి వంతులు పెట్టినట్టే. సోమ, గురు గుడివాడకి, మంగళ, శుక్ర అవనిగడ్డకి, మిగతావి మాకు. కాగితం మీద చక్కగా ఉంది.

నెల తిరిగేసరికి గుడివాడ వంతు రోజున మిషను నిండుగా ఉండేది, కానీ జవాబు ఒక్కటీ బయటికి వచ్చేది కాదు. ఏం లెక్కలు చేస్తున్నారా అని తొంగి చూస్తే అర్థంపర్థం లేనివి. ఒకే అంకెని వెయ్యిసార్లు కూడటం, తీసెయ్యడం. మొదట వైరస్ అనుకున్నాను. తర్వాత ఎవరో ఆకతాయి విద్యార్థి అనుకున్నాను. మూడు నెలలు బుర్ర గోక్కున్నాక తెలిసింది, అది అక్కడి లెక్చరరు ప్రసాద్ గారి పని. వంతు ఖాళీగా పోతే రేపు దాన్ని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారేమోనని, ఉత్తుత్తి లెక్కలు పెట్టి పట్టి ఉంచుతున్నారు. తడిసిన చేలోకే మళ్ళీ నీళ్ళు తిప్పుకుని గట్టు మీద కాపలా కూర్చునే రైతులాగా.

నాకు ఒళ్ళు మండింది. ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. ఆయన కూడా తగ్గలేదు.

"మా వంతులో లైను ఎన్నిసార్లు తెగుతోందో చూశారాండీ? తెగినప్పుడల్లా లెక్క మొదటికొస్తోంది. పిల్లలు వారం వారం ఖాళీ చేతుల్తో పోతున్నారు. అందుకే పట్టుకు కూర్చున్నాం" అన్నారు.

"లైను తెగితే నాకు చెప్పాలి గానీ ఇదేం పద్ధతండీ?"

"ఆరుసార్లు మెయిల్ పెట్టానండీ."

నిజమే, పెట్టారు. నేను చూడలేదు. అయినా ఆ రోజు నుంచి గుడివాడ వాళ్ళంటే నాకు ఒక చిన్నచూపు ఏర్పడింది. ఆయన విసిగిపోయి, ఉప్పునీటి ప్రోగ్రాము కాపీ ఒకటి తీసుకుని కాలేజీ మిషన్లో పెట్టుకున్నారు. అది నెమ్మదిగా నడిచేది, కానీ ఎవర్నీ అడగక్కర్లేదు. "సొంత కుంపటి పెట్టుకున్నారు, పెట్టుకోనీ" అనుకుని వదిలేశాను. పిల్లలూ, ఈ పనిలో మీకు అందరికంటే ఎక్కువ విసుగు పుట్టించే మనిషి చెప్పేది ముందు వినండి. విసుగు తగ్గాక విందాం అనుకుంటే అప్పటికి వినాల్సిన వేళ దాటిపోతుంది. నాకు దాటిపోయింది.

తిథి లెక్క

పెద్దసారు నిమిషాల్లో జవాబు కావాలని రోజూ నసపెడుతుంటే నాకొక ఉపాయం తట్టింది. ఇప్పటికీ ఆ ఉపాయం గుర్తొస్తే ముందు గర్వమే వస్తుంది, మిగతావన్నీ దాని తర్వాతే.

మాది గిలకలదిండి, బందరు పక్కనే ఉన్న పల్లెకారుల ఊరు. మా నాన్న సముద్రం మీద చేపల వేటకి వెళ్ళేవాడు. ఆయన దగ్గర గడియారం లేదు, నీళ్ళు ఎక్కే పోటుకీ, దిగే పాటుకీ వేళలు రాసిన పట్టిక లేదు. తిథి చాలు. ఇవాళ ఏకాదశి అంటే పోటు ఫలానా వేళకి వస్తుందని చెప్పేసేవాడు. రోజుకి రెండు ఘడియలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకీ పున్నానికీ పెద్ద పోట్లు, అష్టమికి చిన్నవి. పక్షం తిరిగితే మళ్ళీ అదే వరస. పడవ ఎప్పుడు దించాలో ఆ లెక్కతోనే చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు.

సముద్రం తిథిని బట్టి నడుస్తుంటే, ప్రతిసారీ మొదట్నించీ లెక్క కట్టడం ఎందుకు? ఒకసారి అమావాస్యకి కట్టిన జవాబుని దాచిపెట్టి, మళ్ళీ అమావాస్యకి ఎవరైనా అడిగితే అదే ఇచ్చేస్తే పోలా? పంచాంగం ప్రకారం తేదీని తిథిగా మార్చే చిన్న ప్రోగ్రాము రాసి, అసలు ప్రోగ్రాము ముందు పెట్టాను. కాలువలో వాన నీళ్ళు ఎంత ఉన్నాయన్నది మాత్రం తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు రకాలుగా విడదీశాను. అదే తిథి, అదే రకం వాన అయితే పాత జవాబు రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. లేకపోతేనే అసలు లెక్క నడుస్తుంది. మాఘమాసంలో మొదలుపెట్టాను. ఫాల్గుణం వెళ్ళింది, వేసవి వెళ్ళింది. అంతా సజావుగా ఉంది. గోడ మీద తెరలో ఎరుపంతా పోయి ఆకుపచ్చ వచ్చింది. పెద్దసారు నన్ను పిలిచి కాఫీ ఇచ్చారు. పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి నన్ను చూపించి, "మా స్వామి గారు పల్లెకారుల తెలివిని కంప్యూటర్లోకి ఎక్కించారండీ" అన్నారు.

నాన్న లేడు గానీ, ఉంటే చెప్పేవాణ్ణి అనుకున్నాను. చెప్పి ఉంటే ఆయన ఒక ప్రశ్న అడిగేవాడు. అది ఏ ప్రశ్నో ఇప్పుడు నాకు తెలుసు.

ఇంకో తప్పు కూడా చేశాను. జవాబు కొత్తగా కట్టిందా, దాచింది తీసిచ్చిందా అన్నది ఎక్కడా కనబడేలా పెట్టలేదు. వాడేవాళ్ళకి అనవసరపు గందరగోళం ఎందుకులే అనుకున్నాను.

చతుర్దశి మధ్యాహ్నం

దీపావళి ముందురోజు. ఆఫీసులో సగంమంది లేరు. మూడు రోజులు వాన పడి అప్పుడే తెరిపిచ్చింది. మూడు గంటలప్పుడు సుజాత ఫోన్ చేసింది.

"సార్, రేపు పొద్దుటి పోటుకి లెక్క అడిగానండీ. మన మిషను షట్టర్లు ఎత్తి ఉంచొచ్చు అంటోంది."

"మరింకేంటమ్మా?"

"ప్రసాద్ గారు వాళ్ళ కాలేజీలో పొద్దుటి నుంచీ అదే లెక్క నడిపారంట. దించమని మెసేజ్ పెట్టారు. ఇద్దరిదీ ఒకటే ప్రోగ్రాము కదండీ?"

"ఒకటేనమ్మా."

"అంకెలు కూడా ఒకటేనండీ, నేనే ఇద్దరికీ పంపాను. మరి రెండు జవాబులు ఎందుకొచ్చాయి సార్?"

నాకు తెలియలేదు. నిజంగా తెలియలేదు. ఒకటే ప్రోగ్రాము, ఒకటే అంకెలు, రెండు జవాబులు. ముప్పై ఏళ్ళ సర్వీసులో అలాంటిది చూడలేదు. "ఉండమ్మా, చూస్తాను" అని మళ్ళీ లెక్క అడిగాను. రెండు నిమిషాల్లో అదే జవాబు వచ్చింది. ఇంకోసారి అడిగాను. అదే. మూడుసార్లూ ఒకే మాట చెప్పేసరికి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఎంత తెలివితక్కువదో అప్పుడు తోచలేదు.

సుజాత మళ్ళీ ఫోన్ చేసింది. వెనక నుంచి మనుషుల మాటలు వినబడుతున్నాయి. ఎగువ రైతులు ఆఫీసుకి వచ్చి కూర్చున్నారంట. చేలల్లో మోకాటి లోతు వాన నీళ్ళున్నాయి, షట్టర్లు దించడానికి వీల్లేదు అంటున్నారు. వరి అప్పుడు పొట్ట మీద ఉంది.

"బసవయ్య గారు లైన్లో ఉన్నారు సార్. ఏదో ఒకటి మీరే చెప్పండి" అంది.

"నమస్కారమండీ" అన్నారు బసవయ్య గారు. అంతకుముందు ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు. "దించమంటారా, ఉంచమంటారా? ఒక్క ముక్క చెప్పండి. మర తిప్పటానికి గంటన్నర పడతది."

నాకు అయోమయంగా ఉందని చెప్పొచ్చు. రెండు జవాబులు ఎందుకొచ్చాయో తెలియడం లేదని చెప్పొచ్చు. కానీ ఇద్దరు లైన్లో ఉన్నారు, వెనక రైతులున్నారు, నేను మిషను మనిషిని. పైగా రెండో జవాబు ఇచ్చింది ప్రసాద్ గారు. ఉత్తుత్తి లెక్కలు పెట్టిన మనిషి.

"ఉంచండి. గుడివాడ వాళ్ళ కాపీలో ఏదో పొరపాటు ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి" అన్నాను.

"ఖాయమేనాండీ?"

"ఖాయం."

మర్నాడు పొద్దున పదిగంటలకి సుజాత ఫోన్ చేసింది. ఏడవలేదు, అరవలేదు. "ఉప్పు ఎక్కేసింది సార్" అంది. కాలువ వెంబడి రెండు పక్కలా చేలల్లోకి ఉప్పునీరు వెళ్ళిపోయింది. షట్టర్లకి అందరికంటే దగ్గరగా ఉన్న చేను బసవయ్య గారిదే.

జానెడు నీళ్ళు

మూడు రోజులు నేను సరిగా అన్నం తినలేదు. బాధ ఒకపక్క, అంతకంటే అయోమయం ఎక్కువ. ప్రోగ్రాము తప్పా? తప్పయితే గుడివాడలో ఎందుకు ఒప్పయింది? నెట్‌వర్కులో అంకెలు ఎక్కడైనా చెడిపోయాయా? వరసపెట్టి చూశాను. ఏమీ లేదు. నాలుగో రోజు ఏం తోచక, నేను ముందు పెట్టిన తిథి ప్రోగ్రాముని తీసేసి, అసలు లెక్కని మొదట్నించీ నడిపించాను. అయిదు గంటలు పట్టింది. అచ్చంగా గుడివాడ వాళ్ళ జవాబే వచ్చింది. ప్రసాద్ గారి కాపీలో నా తిథి ప్రోగ్రాము లేదు కదా.

అప్పుడు చూశాను. ఆ చతుర్దశి నాడు సుజాతకి మా మిషను ఇచ్చిన జవాబు ఫాల్గుణ అమావాస్య నాడు, అకాల వానకి కాలువ నిండి ఉన్నప్పుడు, కట్టి దాచినది. ఫాల్గుణంలో మన సముద్రం దిగి ఉంటుంది. వానలూ నదులూ వచ్చి పడ్డాక, ఆశ్వయుజం కార్తీకం వేళకి జానెడు పైనే లేచి నిలబడుతుంది. తిథి ఒకటే, నెల వేరు. ఆ జానెడు నీళ్ళే చేలోకి వెళ్ళాయి.

మా నాన్నకి అది తెలియదా అంటే తెలుసు. తిథిని బట్టి ఆయన చెప్పింది పోటు వచ్చే వేళ, అది పెద్దదో చిన్నదో, అంతే. ఎంత ఎత్తు వస్తుందో ఎప్పుడూ చెప్పలేదు. దానికి ఒడ్డుకి వెళ్ళి, కళ్ళతో చూసి, తడి గీత ఎక్కడుందో చూసుకుని వచ్చేవాడు. ఆయన నాకు రెండూ చూపించాడు. నేను ఇంట్లో కూర్చుని చెయ్యగలిగింది ఒక్కటే నేర్చుకున్నాను. "ఏ నెల అమావాస్యరా" అని ఆయన అడిగేవాడు. ఆ ప్రశ్న ఆ మేడలో ఒక్కరం కూడా అడగలేదు.

పెద్దసారుకి చెప్పాను. ఆయన తెర వైపు తిరిగారు.

"నెట్‌వర్కులో అంతరాయం వచ్చిందని రాయండి స్వామి గారూ. నెట్‌వర్కుని ఎవరూ సంజాయిషీ అడగరు" అన్నారు.

రాశాను. సంతకం పెట్టాను. ఎందుకు పెట్టానో చాలాసార్లు ఆలోచించాను. భయమా, ఆయన మీద గౌరవమా, నా ఉపాయం మీద ప్రేమా? ఇప్పటికీ తేలలేదు. అయితే నెట్‌వర్కుని ఎవరూ అడక్కపోయినా సుజాతని అడిగారు. లైను బాగాలేనప్పుడు గుడివాడ జవాబు ఎందుకు పాటించలేదు అని ఆ అమ్మాయికి మెమో ఇచ్చారు. ఆ సంగతి నాకు ప్రసాద్ గారు చెప్పారు.

"నేను గొప్ప చెప్పుకోవటానికి ఫోన్ చెయ్యలేదండీ. ఆ అమ్మాయికి మీ మాట ఒక్కటే దిక్కు" అన్నారు.

సిగ్గేసింది. ఆ రోజే ఉన్నదున్నట్టు ఇంకో ఉత్తరం రాసి పైకి పంపాను. పెద్దసారు నాతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆ తర్వాత మెమో వెనక్కి తీసుకున్నామని సుజాతకి నోటిమాటగా చెప్పారంట. కాగితం వచ్చిందో లేదో నాకు తెలియదు. అడగటానికి మొహం చెల్లలేదు.

షట్టర్ల దగ్గర

ఉత్తరం పంపిన మర్నాడే బసవయ్య గారి దగ్గరికి వెళ్ళాను. బందరు నుంచి అవనిగడ్డకి బస్సు, అక్కణ్ణుంచి నాగాయలంక మీదుగా ఆటో, చివర కాలవగట్టు మీద నడక. ముప్పై ఏళ్ళుగా ఆ కాలువ ఎత్తూ లోతూ నా మిషన్లో ఉన్నాయి. కళ్ళతో చూడటం అదే మొదటిసారి. తెర మీద నీలంగా ఉండేది, ఇక్కడ మట్టిరంగులో ఉంది. అది నాకెందుకో వింతగా అనిపించింది.

ఆయన షట్టరు దిమ్మ మీద కూర్చుని మరకి గ్రీజు రాస్తున్నారు. సన్నటి మనిషి, అరవై దగ్గర పడి ఉంటాయి. నేనెవరో చెప్పాను. గబగబా లేచి చెయ్యి తువ్వాలుతో తుడుచుకున్నారు.

"మీరేనాండీ? ఇంతదూరం వచ్చారేంటండీ?"

చేను చూపించమన్నాను. దూరం నుంచి పచ్చగానే ఉంది. దగ్గరికి వెళ్తే కొసలు మాడిపోయి, పైకి వచ్చిన కంకులు తెల్లగా నిలబడి ఉన్నాయి. ఒకటి నలిపి చేతిలో పెట్టారు. గింజ లేదు, అంతా తాలు. ఆయన ఆ పొట్టు ఊదేశారు.

గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. తిథి సంగతి, దాచిన జవాబు సంగతి, ఫాల్గుణం సంగతి, ఆ రోజు నేను ఖాయం అన్నప్పుడు నాకు ఏమీ ఖాయంగా తెలియదన్న సంగతి. మధ్యలో ఒక్కసారే మాట్లాడారు.

"అమావాస్యకీ అమావాస్యకీ తేడా ఉంటదండి" అన్నారు.

"మీకు అనుమానం రాలేదా ఆ రోజు?"

"వచ్చిందండి. సాయంత్రం పాటుకి నీళ్ళు తియ్యాల్సినంత తియ్యలేదు. నీళ్ళు దిగితే బయటపడే రాయి మీద గుర్తు కనబడలా. ఇదేందబ్బా అనుకున్నా."

"మరి దించెయ్యాల్సింది కదండీ, మీ చేనే కదా ముందు పోయేది."

ఆయన నావంక కొత్తగా చూశారు. "మీరు ఖాయం అన్నారు గదండీ. అంత చదువుకున్నోళ్ళు, అంత మిషను పెట్టుకుని చెప్తుంటే, నా కంటికి ఏదో కనబడిందని మర తిప్పుతానాండీ?"

కాలువలో నీళ్ళు దిగువకి వెళ్తున్నాయి. ఆయన అటే చూస్తూ అడిగారు.

"వచ్చే పున్నానికి ఏం చెయ్యమంటారండీ? ఎగువ చేలు ఇంకా ఈనుతున్నాయి."

ఆ మనిషి మళ్ళీ నన్నే అడుగుతున్నాడు. రెండెకరాలు పోగొట్టుకుని, నా నోటితోనే నా తప్పు విని, మళ్ళీ నా మాట కోసం చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. అది ముప్పై ఏళ్ళ అలవాటు.

"నాకు తెలీదండీ, బసవయ్య గారూ. మిషన్ని మొత్తం విప్పి చూస్తున్నాను. పున్నానికి సరైన జవాబు వస్తుందో రాదో కూడా తెలీదు" అన్నాను.

ఆయన తలూపి లేచారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"తెలీనప్పుడు దించేసి కూర్చుంటామండి, మా వాడుక అది. వాన నీళ్ళు ఇంకో రోజు నిలబడితే వరి చచ్చిపోదు. రైతులు తిడతారు, పడతాం" అన్నారు. మర దగ్గరికి వెళ్ళి పిడి మీద చెయ్యి వేసి, నా వైపు తిరక్కుండానే అన్నారు.

"ఆ రోజు కూడా ఈ మాటే చెప్పుంటే దించేసేవాణ్ణి గదండీ."